పాత పిన్‌బాల్ యంత్రాన్ని బాగుచేయబోతున్న పిల్లలకు

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

మీ ఇంటికి పాత పిన్‌బాల్ యంత్రం, అంటే వాలు పలక మీద ఉక్కు బంతిని కొడుతూ పాయింట్లు తెచ్చుకునే ఆట పెట్టె, వచ్చిందనీ, దాన్ని మీ చేతులతోనే బాగుచేస్తామని పట్టుబట్టారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మీరు పంపిన ఫొటోలు కూడా చూశాను. స్కోరు అంకెలు తిరిగే చక్రాల మీద అచ్చయి ఉన్నాయి. వెనక పెట్టెలో సర్క్యూట్ బోర్డు ఒక్కటీ లేదు. కాబట్టి అది ఎలక్ట్రోమెకానికల్ రకం. 1970ల చివరికి వచ్చేసరికి కంపెనీలు ఈ పద్ధతి మానుకుని చిప్పులకు మారిపోయాయి. చిప్పుల యంత్రంలో లెక్క ఎక్కడ జరుగుతోందో కంటికి కనబడదు. మీ యంత్రంలో అంతా కనబడుతుంది. బంతి తగిలినప్పుడు ఏ రేకు వంగింది, ఏ కాయిల్ (కరెంటు పారితే అయస్కాంతంగా మారే తీగచుట్ట) దేన్ని లాగింది, ఏ చక్రం కదిలింది అనేది వేలితో చూపించవచ్చు. మొదటిసారి పనిముట్లు పట్టుకునేవాళ్లకు ఇంతకంటే మంచి యంత్రం లేదని నా నమ్మకం. ఇందులో ప్రతి లోపానికీ ఒక చోటు ఉంటుంది, ఓపికగా వెతికితే అది దొరికితీరుతుంది.

ఇప్పుడే ప్లగ్గు పెట్టకండి. ఎలా ఉందో ఒక్కసారి వేసి చూద్దామని మనసు లాగుతుందని నాకు తెలుసు, అయినా ఆగండి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న యంత్రంలో ఏ స్విచ్ అయినా మూసుకుపోయి బిగుసుకుని ఉండవచ్చు. ఈ కాయిల్స్ చాలావాటిని రెప్పపాటు కరెంటు కోసమే తయారుచేశారు. ఆగకుండా ప్రవహిస్తే కాసేపటికే వేడెక్కి, లోపలి ఇన్సులేషన్ కాలిపోతుంది. పైగా ఆ కాలంలో కరెంటు తీగకు చాలా యంత్రాలలో ఎర్త్ ఉండేది కాదు. ఆ తీగను తీసేసి, ఎర్త్ ఉన్న కొత్త తీగ వేయించాలి. ఆ పని పని తెలిసిన పెద్దవాళ్లు చేయాలి, మీరు పక్కన నిలబడి చూడండి. అమెరికాలో వాడకానికి తయారైన యంత్రాలు దాదాపు 115 వోల్టులకు పనిచేస్తాయి. లోపల అంటించిన చీటీ మీద ఏ వోల్టేజీ రాసి ఉందో, మీ ఇంట్లో వచ్చేది ఎంతో సరిపోల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి. ఆటను ఆపే స్విచ్ నొక్కినా కొన్ని యంత్రాలలో ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే లోపల చెయ్యి పెట్టాలంటే ప్లగ్గు పీకి, అది మీ కళ్లెదుటే నేల మీద ఉండాలి.

ఫ్యూజులు కూడా చూడండి. తరచూ పోతున్న ఫ్యూజు స్థానంలో ఎక్కువ ఆంపియర్లది వేసేసి చేతులు దులుపుకునేవాళ్లు చాలామంది. ఫ్యూజు ఎందుకు పోతోందో కనుక్కోకుండా పెద్దది వేస్తే, ఆ తర్వాత కాలేది తీగలు. ప్రతి ఫ్యూజునూ చీటీలో రాసిన విలువతో పోల్చి, తేడా ఉంటే సరైనది వేయండి. ఎక్కడ పెద్ద ఫ్యూజు కనబడిందో పుస్తకంలో రాసిపెట్టుకోండి. లోపం ఆ దారిలోనే ఎక్కడో ఉందనడానికి అది మంచి ఆనవాలు.

ఇక విప్పడం. పై అద్దాన్ని ఇద్దరు పట్టుకుని తీసి, మెత్తని గుడ్డ మీద ఆనించండి. బంతి దొర్లే చెక్క పలకను పైకి ఎత్తే ముందు బంతిని బయటకు తీయాలి, లేదంటే అది దొర్లిపోయి వెనక అద్దాన్ని పగలగొట్టగలదు. పలక ఎత్తగానే వందల తీగలు కనబడి గుండె జారుతుంది. భయపడకండి. ఆ తీగల రంగులు ఊరికే వేసినవి కావు. యంత్రంతో పాటు వచ్చిన సర్క్యూట్ చిత్రంలో ఏ తీగ ఏ రంగుదో రాసి ఉంటుంది. ఆ చిత్రం పెట్టె అడుగున మడతపెట్టి ఉందేమో వెతకండి. దొరికితే దాని నకలు తీయించి, అసలును భద్రంగా దాచండి, పని నకలు మీదే చేయండి. దేన్ని కదిలించాలన్నా ముందు ఫొటో తీయాలి. ఏ మర ఎక్కడిదో రాసిన చిన్న సంచీలు ఉండాలి. ఈ రెండూ పాటించని పని మధ్యలోనే ఆగిపోతుంది.

శుభ్రం చేయడం దగ్గరే పనిలో సగం పూర్తవుతుంది. అసలు జబ్బులు ఎక్కువగా స్విచ్చుల్లోనే ఉంటాయి. ఒక్కో స్విచ్చూ పలుచని రెండు రేకులు, వాటి చివర ఎదురెదురుగా రెండు చిన్న బొడిపెలు. ఆ బొడిపెల మీద మసి, నల్లటి పొర పేరుకుంటే కరెంటు దాటదు. మందపాటి కాగితపు ముక్కను వాటి మధ్య పెట్టి, రేకును వేలితో మెల్లగా నొక్కి, కాగితాన్ని లాగండి. దాని మీద నల్లటి గీత పడుతుంది. గీత పడడం మానేవరకు అలా చేయండి. ఎక్కువ స్విచ్చుల్లో ఆ బొడిపెలు వెండివి. వాటిని ఆకురాయితో రుద్దితే వెండి అరిగిపోతుంది. బంతిని పైకి కొట్టే చిన్న రెక్కలైన ఫ్లిప్పర్ల దగ్గర మాత్రం ఎక్కువ కరెంటు తట్టుకోవడానికి టంగ్‌స్టన్ బొడిపెలు పెడతారు. అవి గట్టివి కాబట్టి సన్నని ఆకురాయి వాడవచ్చు. ఇంకో విషయం, రేకులు తగిలీ తగలనట్టు తగిలితే చాలదు. తగిలాక కూడా కొంచెం ముందుకు నొక్కుకుని, ఒకదాని మీద ఒకటి జారాలి. ఆ జారుడే ప్రతిసారీ వాటిని శుభ్రం చేస్తుంది. అలా జారడం లేదంటే రేకును మొదట్లో పట్టుకుని వెంట్రుకవాసి వంచండి, కొనను పట్టుకుని వంచకండి.

పాత గ్రీజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్కోరు చక్రాల్లోనూ, ఒక్కో అడుగూ తిరిగే స్టెప్పర్ యూనిట్లలోనూ ఎప్పుడో పూసిన గ్రీజు గోధుమరంగు బంకగా గట్టిపడి ఉంటుంది. దాని మీదే నూనె పిచికారీ చేస్తే ఓ వారం పనిచేసి మళ్లీ బిగుసుకుంటుంది. పైగా స్విచ్చుల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి, అక్కడ మండే నూనె ఉండడం ప్రమాదం. యూనిట్‌ను విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో బంకను పూర్తిగా తుడిచి, ఇనుము ఇనుముతో రాసుకునే చోట మాత్రమే అతి పలుచగా కొత్త గ్రీజు పూయండి. కాయిల్ లోపల అటూ ఇటూ కదిలే ఇనుప కడ్డీకి అసలు ఏమీ పూయకూడదు. దాని చుట్టూ ఉండే నైలాన్ గొట్టం పొడిగా ఉంటేనే అది సాఫీగా కదులుతుంది. గొట్టం అరిగితే కొత్తది వేయండి, ఖర్చు తక్కువ, ఫలితం చాలా ఎక్కువ.

ఫ్లిప్పర్ దగ్గర మిమ్మల్ని కాసేపు ఆపుతాను, యంత్రం మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది అదే. పక్క గుండీ నొక్కగానే ఫ్లిప్పర్ బంతిని పై అంచుదాకా కొట్టగలగాలి, అంటే చాలా బలం కావాలి. కానీ గుండీ అలాగే పట్టుకుని ఉంటే ఆ బలమే కాయిల్‌ను కాల్చేస్తుంది. దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూడండి. కాయిల్‌లో రెండు చుట్లు ఉంటాయి, లావు తీగది ఒకటి, సన్న తీగది ఒకటి. మొదట్లో ఒక చిన్న స్విచ్ మూసుకుని ఉండి సన్న చుట్టును తప్పించేస్తుంది. కరెంటంతా లావు చుట్టు గుండా దూసుకుపోయి ఫ్లిప్పర్ విసురుగా లేస్తుంది. పూర్తిగా లేచిన క్షణంలో ఫ్లిప్పరే ఆ స్విచ్‌ను తెరుస్తుంది. ఇప్పుడు కరెంటు సన్న చుట్టు గుండా కూడా పోవాలి కాబట్టి బాగా తగ్గిపోయి, ఫ్లిప్పర్‌ను ఎత్తి పట్టుకోవడానికి సరిపడా మాత్రమే మిగులుతుంది. అంత చిన్న స్విచ్ మీద అంత ఆధారపడి ఉంది. దాని బొడిపెలు మురికిపడితే ఫ్లిప్పర్ నీరసంగా లేస్తుంది. అది తెరుచుకోకపోతే కాయిల్ కాలుతుంది. ఫ్లిప్పర్ నీరసించిందని కొత్త కాయిల్ కొనేముందు ఈ స్విచ్‌నూ, కడ్డీ కొన నలిగి పుట్టగొడుగులా విచ్చుకుందేమో దాన్నీ చూడండి.

ఈ ఫ్లిప్పర్ లేని రోజుల్లో పిన్‌బాల్ దాదాపు అదృష్టం మీద ఆధారపడిన ఆటే. మాంటేగ్ రెడ్‌గ్రేవ్ స్ప్రింగుతో బంతిని తోసే ప్లంజర్‌కు 1871లో పేటెంట్ పొందాడు. 1931లో గాట్లీబ్ కంపెనీ తెచ్చిన బాఫుల్ బాల్ విపరీతంగా అమ్ముడుపోయింది. అయినా బంతిని వదిలాక ఆడేవాడి చేతిలో యంత్రాన్ని కాస్త కుదపడం తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అదే కంపెనీ 1947లో తెచ్చిన హంప్టీ డంప్టీలో హ్యారీ మాబ్స్ పక్కకు మూడేసి చొప్పున ఆరు ఫ్లిప్పర్లు పెట్టాడు. మరుసటి ఏడాది జెంకో కంపెనీ యంత్రంలో స్టీవ్ కోర్డెక్ వాటిని రెండుకు తగ్గించి కింది భాగంలో అమర్చాడు. ఇంత జరిగినా జూదమన్న ముద్ర చెరిగిపోలేదు. న్యూయార్క్ నగరంలో 1942 నుంచి 1976 వరకు నిషేధం కొనసాగింది. అది ఎత్తేసే ముందు పిన్‌బాల్ ఆటగాడు రోజర్ షార్ప్ నగర పాలకుల ఎదుట యంత్రం ఆడుతూ, బంతి ఏ దారిలో పోతుందో ముందే చెప్పి, ప్లంజర్ లాగి అలాగే పంపించాడు. ఇది నేర్పుతో ఆడే ఆట అని చూపించడానికే ఆ ప్రదర్శన.

స్కోరు చక్రాలు మీ బడిలో చేసే కూడికనే చేస్తాయి. చక్రం 9 మీద ఉన్నప్పుడు దాని పక్కనున్న స్విచ్ ఒకటి మూసుకుంటుంది. అప్పుడు ఇంకో పాయింటు వస్తే అదే కరెంటు పక్క చక్రానికి కూడా అందుతుంది, మీరు ఒకటి చేతిలో ఉంచుకుని పదుల స్థానానికి పంపినట్టే. పదులు పెరగడం లేదంటే పదుల చక్రాన్ని తిట్టకుండా ముందు ఒకట్ల చక్రం దగ్గరున్న ఆ స్విచ్‌ను చూడండి. ఒకే దెబ్బకు 50 పాయింట్లు రావాలంటే కింద ఉన్న మోటారు తిరిగి పదుల చక్రానికి వరసగా అయిదు తోపులు ఇస్తుంది. ఆ టకటక శబ్దం వినడం అలవాటైతే, ఎన్ని తోపులు తప్పాయో చెవే చెప్పేస్తుంది.

రంగుల విషయంలో మాత్రం మిమ్మల్ని బతిమాలుతున్నాను, తొందరపడకండి. కాలిపోయిన కాయిల్‌ను మార్చవచ్చు, తుడిచేసిన అసలు బొమ్మ మళ్లీ రాదు. వెనక అద్దం మీది బొమ్మ అద్దానికి లోపలివైపు వేసిన రంగు. బల్బుల వేడికి అది పెచ్చులుగా లేచి ఉంటుంది. లోపలివైపు తడిగుడ్డ తగిలిందంటే పెచ్చులు గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. బయటివైపు మాత్రమే తుడిచి, లోపలివైపును అలాగే వదిలేయండి. వేడి తగ్గడానికి 0.25 ఆంపియర్ లాగే 44వ నంబరు బల్బుల బదులు 0.15 ఆంపియర్ లాగే 47వ నంబరువి వేయండి, రెండూ 6.3 వోల్టులవే. చెక్క పలకకు నీళ్లు తగలనివ్వకండి, చెక్క ఉబ్బుతుంది. మెత్తని కుంచెతో దుమ్ము తీసి, కనబడని మూలలో ముందు పరీక్షించిన పదార్థంతోనే మెల్లగా తుడిచి, ఆపైన కార్నాబా మైనం పూయండి. చక్రాల దగ్గర వాడిన ఆల్కహాలు ఇక్కడ వద్దు, పాత లక్కపూత కరిగిపోవచ్చు. రంగు పోయి చెక్క బయటపడిన చోట అంతవరకే దిద్దండి. మొత్తం కొత్తగా రంగువేసి మెరిపించిన యంత్రాలు చూశాను, నాకు నచ్చలేదు. ఎంతోమంది ఆడిన గుర్తులు ఆ పలక మీద ఉన్నాయి, వాటిని చెరిపే హక్కు మనకు లేదనిపిస్తుంది.

రబ్బరు పట్టీలు ఎండి పగిలి ఉంటాయి, అన్నీ ఒకేసారి మార్చేయండి. బంతి కూడా కొత్తది కొనండి. దాదాపు 27 మిల్లీమీటర్ల వ్యాసం, 80 గ్రాముల బరువున్న ఉక్కు బంతి గీతలు పడి ఉంటే, తిరిగిన చోటల్లా గరుకు కాగితంలా రంగును గీకేస్తుంది. కాళ్లు బిగించాక ఎడమ నుంచి కుడికి రసమట్టం పెట్టి సరిచేయండి. వెనక నుంచి ముందుకు వాలు ఈ కాలపు యంత్రాలకు దాదాపు మూడున్నర డిగ్రీలు చాలు. కొత్త యంత్రాలకు పెట్టినంత, అంటే ఆరున్నర డిగ్రీలు పెడితే ఈ పాత ఫ్లిప్పర్లు బంతిని పైకి పంపలేవు.

ఇవన్నీ అయ్యాక, పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని ప్లగ్గు పెట్టండి. చెయ్యి స్విచ్ మీదే ఉంచి, ముక్కునూ చెవినీ పనిలో పెట్టండి. మాడు వాసన వచ్చినా, ఆగకుండా గుయ్యిమన్నా వెంటనే తీసేయండి. మీకు మొదట ఎదురయ్యే చిక్కు బహుశా ఇదే: ఆట మొదలుపెట్టగానే మోటారు తిరుగుతూనే ఉంటుంది, ఎంతకీ ఆగదు. స్కోరు చక్రాలన్నీ సున్నాకు వచ్చేవరకు అది తిరగాలి. ఏదో ఒక చక్రం సున్నాకు రావడం లేదు, లేదా వచ్చినా దాని సున్నా స్విచ్ తెరుచుకోవడం లేదు. ప్లగ్గు తీసేసి, ఏ చక్రం ఏ అంకె మీద ఆగిందో చూసి నాకు రాయండి. సర్క్యూట్ చిత్రంలో ఆ చక్రం ఉన్న భాగాన్ని ఫొటో తీసి ఉత్తరంతో పాటు పంపండి, తీగ రంగులు స్పష్టంగా కనబడాలి. నేను ఇక్కడ పెన్సిలు పట్టుకుని కూర్చుంటాను.

ఇట్లు
మీ తాతయ్య