కండతో పాటు గుండె గోడా మందమవుతుంది

గుండెను ధ్వని తరంగాలతో చూసే ఎకో పరీక్ష గదిలో ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. ఛాతీ మీద చల్లటి జెల్ రాసి ప్రోబ్ ఆనించగానే తెర మీద గుండె కదులుతూ కనిపిస్తుంది. నల్లగా ఉన్నది రక్తం, బూడిదరంగులో ఉన్నది గోడ. ఒంటికి రక్తాన్ని పంపే ఎడమ జఠరిక (గుండె కింది గది) తనలో నిండిన రక్తంలో ఎంత శాతాన్ని ఒక్కో స్పందనకు బయటికి నెడుతోందో కొలుస్తారు. డాక్టర్లు ‘ఈఎఫ్ ఎంత?’ అని అడిగేది దీన్నే.

కండల కోసం వాడే అనబాలిక్ స్టెరాయిడ్లు అంటే పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్, దాన్ని పోలిన మందులు. ఆస్తమాకు డాక్టరు రాసే స్టెరాయిడ్లు వేరు, వాటిని చూసి భయపడి మానేయకండి. టెస్టోస్టెరాన్‌కు స్పందించే గ్రాహకాలు గుండె కండరంలోనూ ఉంటాయి. భుజాన్ని పెంచే మందు గుండె గోడనూ వదలదు.

అసలు చిక్కు ఇక్కడే. ఏళ్ల తరబడి బరువులెత్తిన వాళ్లకు మందు లేకున్నా గుండె గోడ కాస్త మందమవుతుంది. అందుకే మందం ఒక్కటే చూస్తే చాలదు, గోడ సడలే వేగాన్ని డాప్లర్‌తో (ఎకోలోనే కదలిక వేగాన్ని కొలిచే పద్ధతి) కొలవాలి. క్రీడాకారుడి గుండె మందమైనా హాయిగా సడలి రక్తం నింపుకుంటుంది. స్టెరాయిడ్ తగిలిన గుండె బిర్రబిగుసుకుని ఉంటుంది.

2017లో ‘సర్క్యులేషన్’ వైద్యపత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనంలో 140 మంది వెయిట్‌లిఫ్టర్లను పరీక్షించారు. స్టెరాయిడ్లు వాడిన 86 మందిలో సగటు ఈఎఫ్ 52 శాతం, వాడని 54 మందిలో 63. పరీక్ష నాటికి ఇంకా వాడుతున్నవారిలో 49, ఆపినవారిలో 58. నాకు ఈ చివరి రెండు అంకెలే ముఖ్యం. మానేస్తే గుండె కొంతైనా తేరుకోవచ్చన్న ఆశ వాటిలో ఉంది. అయితే సీటీ స్కాన్‌లో గుండె ధమనుల్లో పూడిక కూడా వాడినవారిలోనే ఎక్కువ కనిపించింది. వాడిన ఏళ్లు పెరిగేకొద్దీ పూడికా పెరిగింది.

మాత్రల రూపంలో వాడేవారికి కాలేయం ముప్పు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో కెనడా పరుగువీరుడు బెన్ జాన్సన్ బంగారు పతకాన్ని పోగొట్టిన స్టానొజొలాల్ ఈ కోవదే. కాలేయంలో రక్తం నిండిన తిత్తులు ఏర్పడవచ్చు. అవి పగిలితే కడుపులోకే రక్తస్రావం. పరీక్ష కోసం ముక్క తీయడానికి సూది గుచ్చినా ప్రమాదమే కాబట్టి ముందు ఎమ్మారై, సీటీలతోనే గుర్తుపట్టాలి.

జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లను ఒక్కటే కోరతాను. ఎకో బల్ల మీద పడుకునే ముందు ఏ మందు, ఎన్నాళ్లు వాడారో డాక్టరుకు చెప్పండి. చెప్పకపోతే మందమైన గోడను వ్యాయామం ఖాతాలో వేసి పంపించే అవకాశం ఉంది.