ఎంత దూరం జరిగినా తగ్గని ఫీల్డ్

చిట్టీ, బన్నీ, ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిట్టి అడిగింది కదా, ఛార్జ్ ఉన్న పెద్ద పలక దగ్గర ఎలక్ట్రిక్ ఫీల్డ్, అంటే ఒక్కో కూలుంబ్ ఛార్జ్ మీద పడే బలం, సిగ్మా బై 2 ఎప్సిలాన్ నాట్ (ఎప్సిలాన్ నాట్ ఒక స్థిరాంకం) అని బట్టీ కొట్టించారు, మరి అందులో దూరం ఏది తాతయ్యా, దూరం జరిగితే తగ్గాలిగా అని. మంచి డౌటే. కాకపోతే ఫోన్‌లో తేలేది కాదు, అందుకే రాస్తున్నా, పేపరు పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి.

ఒక పలక, మందం లేదు, నాలుగు పక్కలా అంతు లేకుండా పోతోంది, దాని మీద చదరపు మీటరుకి సిగ్మా కూలుంబ్‌ల (కూలుంబ్ ఛార్జ్ కొలిచే యూనిట్) ఛార్జ్ సమానంగా పరిచి ఉంది. పలక పైన జెడ్ ఎత్తులో మన పాయింట్. దానికి సరిగ్గా కింద చుక్క పెట్టి, చుట్టూ రింగులు గీసుకుంటూ పోండి. ఒక రింగు వ్యాసార్థం చిన్న ఆర్, వెడల్పు డీఆర్ అనుకుంటే వైశాల్యం 2 పై ఆర్ డీఆర్, దాన్ని సిగ్మాతో గుణిస్తే ఆ రింగులో ఉన్న ఛార్జ్. రింగులో ఈ పక్క ముక్క అడ్డంగా తోసేదాన్ని ఎదురు ముక్క కొట్టేస్తుంది, నిలువు భాగమే మిగులుతుంది, అందుకే కొసైన్ వస్తుంది. ఇక రింగులన్నీ కూడటమే, జెడ్ స్క్వేర్ ప్లస్ ఆర్ స్క్వేర్‌ని యు అనుకుంటే ఇంటిగ్రేషన్ రెండు లైన్లలో అయిపోతుంది. పెద్ద ఆర్ వ్యాసార్థం ఉన్న గుండ్రటి పలకకి వచ్చేది ఇదీ: సిగ్మా బై 2 ఎప్సిలాన్ నాట్ ఇంటూ, బ్రాకెట్లో 1 మైనస్ జెడ్ బై రూట్ ఆఫ్ జెడ్ స్క్వేర్ ప్లస్ పెద్ద ఆర్ స్క్వేర్. పలకని అనంతం చేసేస్తే ఆ మైనస్ ముక్క సున్నా అయిపోతుంది, దాంతోపాటే జెడ్ కూడా పోతుంది.

సరే, లెక్కలో పోయింది, కానీ ఎందుకు పోయింది? టార్చి లైటు గోడ మీద వేసి వెనక్కి నడిచారనుకోండి, వెలుగు పడే వలయం పెద్దదవుతుంది కదా, దూరం రెట్టింపయితే దాని వైశాల్యం నాలుగింతలు. ఇక్కడా అంతే, పాయింట్ నుంచి ఒకే కోణంలో చూస్తే కనపడే పలక ముక్క నాలుగింతలు, దాని ఛార్జ్ నాలుగింతలు, బలం దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందన్న కూలుంబ్ నియమం ప్రకారం ఒక్కో కూలుంబ్ బలం నాలుగో వంతు. రెండూ చెల్లుకు చెల్లు. కూలుంబ్ 1785లో చెప్పిన ఆ దూరం ఘాతం ఖచ్చితంగా 2 కాకుండా 2.1 అయి ఉంటే ఈ ఫార్ములాలో దూరం ఉండేదే!

ఇంకో సరదా సంగతి, బ్రాకెట్ సగం అవ్వాలంటే పెద్ద ఆర్ ఎంతుండాలో వేసి చూడండి, జెడ్‌కి రూట్ 3 రెట్లు వస్తుంది. అంటే పలకకి 1 సెంటీమీటరు పైన ఉంటే, కింద ఉన్న 1.73 సెంటీమీటర్ల వ్యాసార్థం గుండ్రటి ముక్కే సగం ఫీల్డ్ ఇచ్చేస్తోంది, మిగతా అనంతమంతా కలిసి ఇంకో సగం.

గాస్ నియమం దారి మీకు తెలిసిందే, మూసిన డబ్బాలోంచి బయటికొచ్చే ఫ్లక్స్ (ఫీల్డ్ ఇంటూ వైశాల్యం) లోపలి ఛార్జ్ బై ఎప్సిలాన్ నాట్ కదా, పలక మధ్యలో ఉండేలా డబ్బా పెట్టడం, రెండు మూతల్లోంచి ఫ్లక్స్ బయటికి, పక్క గోడల్లోంచి ఏమీ లేదు, మూడు లైన్లలో అయిపోతుంది. పరీక్షలో అదే రాయండి, కానీ రింగుల లెక్క ఒక్కసారైనా చెయ్యకపోతే ఆ మూడు లైన్లు మంత్రం చదివినట్టే ఉంటాయి అని నా అభిప్రాయం.

అందరూ తడబడేది లోహపు పలక దగ్గర. అక్కడ సిగ్మా బై ఎప్సిలాన్ నాట్, కింద 2 లేదు. ఎందుకంటే లోహం లోపల ఫీల్డ్ సున్నా కాబట్టి డబ్బాకి ఒక్క మూతే పనిచేస్తుంది. అయితే పలకకి ఇచ్చిన మొత్తం ఛార్జ్ రెండు ముఖాల మీదా సగం సగం సర్దుకుంటుంది, ఆ సగాన్ని సిగ్మాగా వేస్తే జవాబు మళ్ళీ మొదటిదే. గొడవంతా సిగ్మా అంటే ఒక ముఖానిదా రెండిటిదా అన్న దాంట్లోనే.

అంకెలు కూడా వేసి చూడండి. చదరపు మీటరుకి 1 మైక్రో కూలుంబ్ ఉంటే ఫీల్డ్ మీటరుకి దాదాపు 56,500 వోల్టులు. గాలి తట్టుకునేది మీటరుకి సుమారు 30 లక్షల వోల్టులే కాబట్టి ఇలాంటి పలక మీద చదరపు మీటరుకి 53 మైక్రో కూలుంబ్‌లు దాటితే స్పార్క్ కొడుతుంది. నిజం పలకలకి అంచులుంటాయి అని మర్చిపోవద్దు, 10 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న పలకకి మధ్యలో 1 సెంటీమీటరు పైన ఫార్ములా కంటే 10 శాతం తక్కువ వస్తుంది, 10 సెంటీమీటర్ల పైన అయితే మిగిలేది 29 శాతమే.

బన్నీకి ఒక లెక్క. వాన లేని రోజు నేల దగ్గర గాల్లో కిందికి మీటరుకి సుమారు 100 వోల్టుల ఫీల్డ్ ఉంటుంది, మన పాదాల కింద నేలనే లోహపు పలకలా తీసుకుంటే చదరపు మీటరుకి ఎన్ని ఎక్స్‌ట్రా ఎలక్ట్రాన్లు? నాకు 550 కోట్లు వచ్చింది. పైకి వెళ్తే ఆ ఫీల్డ్ తగ్గుతుంది, అది భూమి గుండ్రంగా ఉన్నందుకు కాదు, గాల్లో కూడా పాజిటివ్ ఛార్జ్ ఉన్నందుకు, దాన్ని డబ్బాలో ఎలా పట్టాలో చిట్టి చెప్పాలి.

మీ తాతయ్య