కోడిపిల్లలు చనిపోయేది చలికేనా? బ్రూడర్ గురించి అపోహలు - వాస్తవాలు

పొద్దున్నే ఫోన్ మోగిందంటే చాలాసార్లు ఇదే మాట. "మేడం, రాత్రి పడుకునేదాకా చక్కగా తిరిగాయి. తెల్లారి చూస్తే ఐదు చచ్చిపడి ఉన్నాయి. చలికే పోయినట్టున్నాయి, ఇంకో బల్బు పెట్టమంటారా?"

నేను ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. బ్రూడర్ మీద, అంటే తల్లికోడి లేని పిల్లల్ని బల్బు వేడితో పెంచే పెట్టె మీద, ఏం కప్పారు? చనిపోయినవి ఎక్కడ పడి ఉన్నాయి? మొదటిదానికి దుప్పటి అనో, గోనెపట్టా అనో, ప్లాస్టిక్ షీట్ అనో జవాబు వస్తుంది. రెండోదానికి కాసేపు ఆలోచించుకుని "గోడల వారన, బల్బుకి దూరంగా" అంటారు. చలేసిన పిల్ల బల్బుకి దూరంగా పోయి పడుకోదు కదండీ! వేడికి తాళలేక అవి గోడ దాకా పోయాయి. ఆపైన పోవడానికి దారి లేక అక్కడే పడిపోయాయి.

అపోహ: పిల్లలకి వేడి ఎంత ఇస్తే అంత మంచిది. పెట్టె మొత్తం మూసి, అంతటా వెచ్చగా ఉంచాలి.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల చనిపోయినన్ని పిల్లలు, ఇళ్లలో పెంచేవాళ్ల దగ్గర, ఇంక దేనివల్లా చనిపోవడం నేను చూడలేదు. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది ఇంతగా పాతుకుపోయింది. ఒక్క రోజు వయసు పిల్లకి ఒంటి మీద నూగే తప్ప ఈకలుండవు, తన ఒంటి వేడిని తను నిలబెట్టుకోలేదు. అందుకే మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ కావాలి, తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. తప్పు జరిగేది ఆ తర్వాతే. ఆ 35 డిగ్రీలు బల్బు కింద ఉండాల్సిన వేడి. పెట్టె అంతటా ఉండాల్సింది కాదు.

తల్లికోడిని చూడండి. అది తన రెక్కల కిందే వెచ్చగా ఉంచుతుంది, పెరడంతా వేడి చేయదు. పిల్ల బయట తిరుగుతుంది, చలేస్తే రెక్క కింద దూరుతుంది, ఒళ్లు కాగగానే మళ్లీ బయటికొస్తుంది. రోజంతా ఇదే పని. బ్రూడర్‌లో కూడా ఆ రెక్క కిందా ఉండాలి, ఆ బయటా ఉండాలి. పక్షికి చెమట గ్రంథులు లేవు. ఒంట్లో వేడి పెరిగితే నోరు తెరిచి రొప్పుతుంది, ఆ రొప్పడంలోనే నీరు ఆవిరై పోతుంది. పిల్ల మొత్తం బరువే 40 గ్రాములు. అందులో ఎంత నీరుంటుంది, ఎంతసేపు రొప్పగలదు? అలా ఎండిపోయిన పిల్ల కాలు పట్టుకుని చూస్తే చర్మం ముడతలు పడి, లోపలి నరం నల్లగా కనపడుతుంది. దానిమీద దుప్పటి కప్పారంటే వేడితోపాటు రెట్టనుంచి వచ్చే అమ్మోనియా కూడా లోపలే ఉండిపోతుంది. పెట్టెలోకి తల పెట్టినప్పుడు మీ కళ్లు మండాయంటే, 5 సెంటీమీటర్ల ఎత్తులో పీల్చే పిల్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పనిలో చేరిన కొత్తలో ఇంట్లో ఇరవై పిల్లలు పెట్టుకున్నాను. చిన్న అట్టపెట్టె, అందులోకి 250 వాట్ల ల్యాంప్. రాత్రి గాలి తోలుతోందని పైన రగ్గు కప్పి పడుకున్నాను. తెల్లవారుజామున రగ్గు తీస్తే ముఖానికి సెగ తగిలింది. ఎనిమిది పోయాయి. మిగిలినవి ముక్కులు తెరుచుకుని, రెక్కలు ఒంటికి దూరంగా వాల్చి, గోడకి అతుక్కుని ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది. అందుకే రాత్రంతా నిద్ర మానుకుని కాపలా కాసి, పొద్దున ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్లని నేనెప్పుడూ కోప్పడను. ప్రేమతోనే కప్పారు. నా కోపమంతా "చలికాలం కదా, రెండు బల్బులు పెట్టి మూసేయ్" అని ఫార్వర్డ్ మెసేజ్‌లు పంపేవాళ్ల మీద.

మరి ఎలా పెట్టాలి? పెట్టె పొడవుగా ఉండాలి. ల్యాంప్ మధ్యలో కాకుండా ఒక కొసన వేలాడదీయాలి. రెండో కొస చల్లగా ఉండాలి. నీళ్లు, మేత ఆ మధ్యలో. పైన కప్పాల్సింది జాలీ, దుప్పటి కాదు. గాలి తోలుతుంటే పెట్టెని మూల మార్చండి, పక్కన అడ్డం పెట్టండి, అంతేగానీ పైన మూయకండి. థర్మామీటర్‌ని పిల్ల వీపు ఎత్తులో, బల్బు కిందే పెట్టాలి. గోడకి తగిలిస్తే అది చెప్పేది గోడ సంగతి. పిల్లలు రావడానికి ఒక రోజు ముందే ల్యాంప్ వేసి ఉంచితే కింద పొట్టు కూడా వేడెక్కుతుంది. పైన గాలి వెచ్చగా ఉన్నా కింద నేల చల్లగా ఉంటే లాభం లేదు. ఒక పిల్లని ఎత్తి దాని పాదాలు మీ బుగ్గకి ఆనించండి. చల్లగా తగిలాయంటే నేల ఇంకా కాగలేదన్నమాట.

ఇంతా చేశాక థర్మామీటర్ కంటే పిల్లల్నే ఎక్కువ నమ్మండి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుగా, ఆపకుండా అరుస్తుంటే చలి. అందరూ దూరంగా పోయి రొప్పుతుంటే వేడి. అన్నీ ఒకే పక్కకి చేరితే రెండో పక్కనుంచి గాలి వస్తోంది. కొన్ని తింటూ, కొన్ని తిరుగుతూ, కొన్ని పడుకుని, సన్నగా కిచకిచమంటుంటే సరిపోయింది. ల్యాంప్‌ని పైకీ కిందికీ జరపడానికి గొలుసు ఉంటుంది, దాన్ని వాడండి. పొద్దున సరిపోయిన ఎత్తు మధ్యాహ్నానికి సరిపోదు. ఆ గొలుసుకి తోడు ఇంకో కట్టు కూడా ఉండాలి, ఒకటి ఊడినా రెండోది ఆపేలా. ఎండు పొట్టులో 250 వాట్ల బల్బు పడితే పెట్టెతో ఆగదు, ఇల్లు అంటుకుంటుంది.

అపోహ: వెనక భాగంలో రెట్ట అంటుకుపోతే ఏదో రోగం వచ్చినట్టే, లాగేయాలి.

వాస్తవం: మొదటి వారంలో ఇది ఎక్కువగా అతివేడి వల్లో, ప్రయాణం బడలిక వల్లో వస్తుంది. వదిలేస్తే దారి మూసుకుపోయి పిల్ల చనిపోతుంది కాబట్టి తీయాల్సిందే, కానీ లాగకూడదు. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదిని కాసేపు అద్ది పెట్టి, మెత్తబడ్డాక మెల్లగా తుడిచి, ఒళ్లు ఆరేదాకా వెచ్చగా ఉంచాలి. ఒకావిడ వీడియో కాల్ చేసి, "మేడం, ఎంత నానబెట్టినా రావట్లేదు" అని చూపించారు. ఆవిడ తీయబోతున్నది రెట్ట కాదు, బొడ్డు దగ్గర ఎండిన పొక్కు. నా గుండె ఆగినంత పనైంది. అది లాగితే పేగు బయటికొచ్చేస్తుంది. గుర్తుంచుకోండి: రెట్ట అంటుకునేది తోక కింద, బొడ్డు ఉండేది పొట్ట మీద, కాళ్ల మధ్య. బొడ్డు ముట్టుకోవద్దు, దానంతట అదే రాలిపోతుంది.

అపోహ: ఏ బల్బైనా ఒకటే.

వాస్తవం: ఎల్‌ఈడీ వెలుగిస్తుంది, పిల్లలకి సరిపడా వేడి ఇవ్వదు. ఇక పగలకుండా టెఫ్లాన్ పూత పూసిన బల్బులు అసలే వద్దు. వేడెక్కితే ఆ పూతనుంచి వచ్చే పొగ పక్షుల ఊపిరితిత్తులకి విషం.

అపోహ: పుట్టిన మూడు రోజులదాకా మేత అక్కర్లేదు.

వాస్తవం: కడుపులో మిగిలిన పచ్చసొనతో రెండు మూడు రోజులు బతుకుతుంది, నిజమే. బతకగలదని ఆకలితో ఉంచుతామా? దింపగానే ఒక్కోదాని ముక్కు నీళ్లలో ముంచి చూపించండి, ఆపైన మేత. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, వేలెడు లోతులో కూడా మునిగిపోతాయి. రాత్రి మెడ కింద మేత సంచి తడిమి చూడండి. నిండుగా మెత్తగా ఉంటే తిని తాగింది. గట్టిగా ఉంటే నీళ్లు అందలేదు.

అపోహ: శుభ్రంగా ఉంటుంది కాబట్టి కింద న్యూస్‌పేపర్ చాలు.

వాస్తవం: నున్నటి కాగితం మీద కాళ్లు జారి, రెండు పక్కలకీ చీలిపోతాయి. రెండు మూడు అంగుళాల మందాన పొట్టు వేయండి. తడిసిన చోట రోజూ తీసేయండి, రక్తవిరేచనాలు తెచ్చే కాక్సీడియా పెరిగేది ఆ తడిలోనే.

మందుల సంగతి ఒక్క మాట. ఎందుకు చనిపోతున్నాయో తేల్చకుండా నీళ్లలో యాంటీబయాటిక్ కలపొద్దు. వేడికి చచ్చిపోతున్న పిల్లని ఏ మందూ కాపాడదు. నీళ్లు చేదెక్కితే ఉన్న కాస్తా తాగడం మానేస్తుంది.

కాళ్లు చాపి, తల వాల్చి, చచ్చిపోయినట్టు పడి ఉన్న పిల్లని చూసి టెన్షన్ పడకండి. అలా నిద్రపోతాయవి. వేలితో తాకితే లేచి పరిగెడుతుంది.

ఐదారు వారాలకి ఈకలు పూర్తిగా వస్తాయి. అప్పుడు ల్యాంప్ ముందు పగలు ఆపండి, నాలుగు రోజులు చూసి రాత్రి కూడా ఆపండి. మొదటి రాత్రి కాస్త దగ్గర దగ్గరగా చేరతాయి. పక్కపక్కన సర్దుకుని, అరవకుండా పడుకున్నాయంటే ఆ ల్యాంప్‌ని తీసి దాచేసుకోవచ్చు.