పాత ఇటుక గోడకు ఏ ప్లాస్టరింగ్? అపోహలు - వాస్తవాలు

పాత ఇళ్ల గోడలు బాగుచేయడమే నా పని. పిలిచినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "బాగా గట్టిగా ఉండేది ఏదండీ?" చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

అపోహ: ప్లాస్టరింగ్ ఎంత గట్టిదైతే గోడకు అంత రక్షణ.

వాస్తవం: పాత ఇటుక మెత్తన. ఇటుకల మధ్య సున్నం ఇంకా మెత్తన. అలాంటి గోడ ఎండకీ చలికీ కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. పైనున్న సిమెంటు పొర దాంతోపాటు కదలలేక వెంట్రుకంత బీట తీస్తుంది. వాన నీటిని ఆ బీట లోపలికి లాగేస్తుంది. తిరిగి ఆరడానికి మాత్రం దారుండదు. ఇటుకలోని ఉప్పు ఆ చెమ్మలో కరిగి, ప్లాస్టర్ వెనకాల స్ఫటికాలుగా గడ్డకట్టి, ఇటుక ముఖాన్ని పొరలుగా ఊడదీస్తుంది. ఒక ఇంట్లో గోడ తడితే డొల్లగా మోగింది. ఉలి పెట్టి కదిపితే పళ్లెమంత పెచ్చు చేతికొచ్చింది. దాని వీపున ఎర్రటి ఇటుక పొడి మందంగా అంటుకుని ఉంది. సిమెంటు మాత్రం చెక్కుచెదరలేదు!

పైపూత ఎప్పుడూ గోడ కంటే బలహీనంగానే ఉండాలి. అరిగితే అది అరగాలి, ఇటుక కాదు. అందుకే పాత గోడకు సిమెంటు కాదు, సున్నపు పూత.

అపోహ: గోడ ఊపిరి పీల్చడమంటే గాలి లోపలికి రావడం.

వాస్తవం: గాలి కాదు, నీటి ఆవిరి. సున్నపు పూతలోని సన్నటి రంధ్రాల గుండా చెమ్మ బయటికొచ్చి ఆరిపోతుంది. చలిగాలి వస్తుందన్న టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: బస్తా మీద 'సున్నం' అని ఉంటే చాలు.

వాస్తవం: నానబెట్టిన సున్నపు ముద్ద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో మెల్లగా గట్టిపడుతుంది. ఎన్‌హెచ్‌ఎల్ (నేచురల్ హైడ్రాలిక్ లైమ్) అనే సున్నం రకం నీటితోనూ గట్టిపడుతుంది. దాని మీద కనిపించే 2, 3.5, 5 అంకెలు 28 రోజులకు రావాల్సిన కనీస బలం, మెగాపాస్కల్స్‌లో. అంకె పెద్దదైతే మంచిదనుకోకండి. మెత్తటి ఇటుకకు నేను 2 దాటను, జల్లు బాగా కొట్టే గోడకు 3.5. కొన్ని రెడీమిక్స్ బస్తాల్లో సిమెంటు కూడా ఉంటుంది, కాబట్టి వెనకనున్న చిన్న అక్షరాలు చదవండి. తొందరగా బిగుస్తుందని మేస్త్రీ గుప్పెడు సిమెంటు కలుపుతానంటే ఒప్పుకోవద్దు.

అపోహ: సున్నం వేస్తే చెమ్మ దానంతటదే పోతుంది.

వాస్తవం: నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో ముందు చూడాలి. చూరు గొట్టం కారుతోందా? బయటి నేల ఇంటి నేల కంటే ఎత్తు పెరిగిందా? అవి సరిచేయకుండా ఏ పూత వేసినా దండగే.

ఇక ఓపిక. ఒక్కో పొర 10 మి.మీ. దాటకూడదు. నేరుగా ఎండ పడకుండా తడి గోనె పట్టాలు కప్పి కొన్ని రోజులు కాపాడాలి. త్వరగా ఆరితే పొడిపొడిగా రాలుతుంది.

ఇంత చేసి, చివర్లో ప్లాస్టిక్ ఎమల్షన్ కొట్టించేవాళ్లున్నారు. దాంతో రంధ్రాలన్నీ మళ్లీ మూసుకుపోతాయి. వెల్ల గానీ, సిలికేట్ పెయింట్ గానీ వేయించండి.