వైఫై దానంతటదే కనెక్ట్ అయిందంటే అసలుదేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

లాడ్జిలకీ కాఫీ షాపులకీ వైఫై పెట్టడం నా పని. ఎక్కడికెళ్లినా ఇదే మాట, "ఫోన్ దానంతటదే కనెక్ట్ అయింది కదండీ, అంటే మనం రోజూ వాడేదేగా" అని.

కాదండీ! పాస్‌వర్డ్ లేని ఓపెన్ వైఫైని ఫోన్ గుర్తుపట్టేది పేరుని బట్టే. అదే పేరుతో పక్క టేబుల్ దగ్గర ఎవడైనా హాట్‌స్పాట్ ఆన్ చేసి, సిగ్నల్ బలంగా ఉంటే మీ ఫోన్ దానికే వెళ్లిపోవచ్చు, మిమ్మల్ని అడగదు కూడా. ఇక వచ్చే లాగిన్ పేజీ వాడు పెట్టిందే.

మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. రైల్వే స్టేషన్లో ఉండే రైల్‌వైర్ వైఫై చూడండి, మొబైల్ నంబరు, ఓటీపీ, అంతే, రోజూ మొదటి 30 నిమిషాలు ఫ్రీ. ఫ్రీ వైఫైకి జీమెయిల్ పాస్‌వర్డ్‌తో, కార్డు నంబరుతో ఏం పని? యూపీఐ పిన్ అయితే ఏ వెబ్ పేజీలోనూ కొట్టకూడదు.

ఆమధ్య ఒక లాడ్జిలో రౌటర్ మారుస్తుంటే, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి ఊరినుంచొచ్చిన ఒకమ్మాయి, వాళ్ల నాన్న కంగారుగా వచ్చారు, వైఫై పేజీ జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగితే కొట్టేసిందట. నేను పెట్టిన పేజీలో రూమ్ నంబరు, ఫోన్ నంబరు తప్ప ఇంకేం ఉండవు. వెంటనే వైఫై ఆపించి, మొబైల్ డేటా మీద పాస్‌వర్డ్ మార్పించి, మిగతా డివైజుల్లో లాగౌట్ కొట్టించి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకోసారి నిర్ధారణ అడిగేది) పెట్టించా. ఆయన పిల్లని తిడుతుంటే ఆపా. పేజీ అచ్చం గూగుల్‌ లాగే ఉంటే ఎవరికి తెలుస్తుంది చెప్పండి, పాపం.

పని అయ్యాక ఆ పబ్లిక్ వైఫైని ఫోన్ సెట్టింగ్స్‌లో ఫర్గెట్ కొట్టండి, లేదా ఆటో కనెక్ట్ తీసేయండి.

"పబ్లిక్ వైఫై తగిలితే చాలు బ్యాంకు ఖాతా ఖాళీ" అనే వాట్సాప్ ఫార్వర్డులు ఇక ఆపండి బాబూ. బ్యాంకు యాప్‌లో వెళ్లేదంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోనే వెళ్తుంది. బ్రౌజర్లో సర్టిఫికెట్ వార్నింగ్ (ఈ సైటు అసలుదో కాదో తేలట్లేదనే హెచ్చరిక) వస్తే మాత్రం వెనక్కి వచ్చేయండి.

లాగిన్ పేజీ రాకపోతే వైఫై పాడైనట్టు కాదు, ఫోన్ సెట్టింగ్స్‌లో వీపీఎన్, ప్రైవేట్ డీఎన్ఎస్ ఆన్‌లో ఉంటే ఆ పేజీని అడ్డుకోవచ్చు, వాటిని ఆపి చూడండి. ఒకసారి లాగిన్ అయితే ఎప్పటికీ గుర్తుంటుందనీ అనుకోవద్దు, చాలా లాగిన్ పేజీలు గుర్తుపెట్టుకునేది ఫోన్ మ్యాక్ అడ్రస్‌నే (వైఫైకి ఫోన్ చూపించే గుర్తింపు నంబరు), ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలైన అడ్రస్ బదులు వేరేది చూపిస్తున్నాయి, అది మారినప్పుడల్లా మళ్లీ ఓటీపీ అడుగుతుంది. నిజంగా భద్రమైన ఆటో లాగిన్ కావాలంటే పాస్‌పాయింట్ (లాగిన్ పేజీ లేకుండా ఫోన్ దానంతటదే భద్రంగా కనెక్ట్ అయ్యే వైఫై పద్ధతి) ఉన్నచోట వాడండి, అందులో ఫోన్ పేరొక్కటే కాదు, అవతలిది అసలుదేనని చూపే సర్వర్ సర్టిఫికెట్ కూడా చూస్తుంది.