ఎఫ్ఎంలో వార్తలపై నిషేధం: 1995 తీర్పులో అమలు కాని సగం

మరో 234 పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం చానళ్ల వేలానికి 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలపడంతో ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలు సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిషేధంపై పాత వివాదం మళ్లీ తలెత్తింది. ఆంధ్రప్రదేశ్‌లో కడప, అనంతపురం, కాకినాడ సహా 22 పట్టణాలకు 68 చానళ్లు, తెలంగాణలో ఖమ్మం, నల్గొండ, నిజామాబాద్ సహా 10 పట్టణాలకు 31 చానళ్లు ఈ జాబితాలో ఉన్నాయి. మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయని ప్రభుత్వం అంటోంది. అయితే ఖమ్మంలో వెలిసే కేంద్రం ఖమ్మం మునిసిపల్ కౌన్సిల్లో ఆ రోజు ఏం జరిగిందో తన విలేకరి చేత చెప్పించగలదా అంటే, ఇప్పుడున్న నిబంధనల ప్రకారం చెప్పించలేదు. గంటకు పది నిమిషాలకు మించకుండా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేసుకోనివ్వాలనీ, ఆకాశవాణి వార్తలకు వర్తించే నియమావళినే వీటికీ వర్తింపజేయాలనీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరు 5న సిఫారసు చేసింది. మంత్రివర్గ నిర్ణయంలో ఆ ఊసు లేదు.

బొంబాయి రేడియో క్లబ్ నుంచి ఆకాశవాణి దాకా, ఎమర్జెన్సీ నాటి ప్రసారాల నుంచి ఆకాశవాణికి స్వయంప్రతిపత్తి ఇవ్వాలన్న వర్గీస్ కమిటీ దాకా సాగిన మన దేశపు రేడియో కథ పెద్దది కనుక ఇక్కడ తిరిగి చెప్పడం లేదు. అందులోంచి ఒక్క అంశాన్ని మాత్రం గుర్తుంచుకోవాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని నాలుగో సెక్షన్ తంతివార్తా సాధనాలపై సర్వహక్కులనూ కేంద్ర ప్రభుత్వానికే కట్టబెట్టింది. రేడియో అన్నది పుట్టకముందే రాసిన ఆ వాక్యమే తరవాత రేడియోకూ టెలివిజన్‌కూ ఏలిక అయింది. ఎవరు ప్రసారం చేయాలో, ఏం ప్రసారం చేయకూడదో లైసెన్సు షరతుల రూపంలో ప్రభుత్వమే నిర్ణయించగలగడానికి మూలం అక్కడుంది.

దీనిని సూటిగా ప్రశ్నించిన సందర్భం రేడియో వల్ల రాలేదు, క్రికెట్ వల్ల వచ్చింది. 1993 నవంబరులో బెంగాల్ క్రికెట్ సంఘం తన వజ్రోత్సవాల సందర్భంగా నిర్వహించిన హీరో కప్‌ను అభిమానులు సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాపై సచిన్ తెందూల్కర్ వేసిన ఆఖరి ఓవరుతో గుర్తు పెట్టుకున్నారు. ఆ మ్యాచ్‌ల వెనక న్యాయస్థానాల్లో జరిగిన మ్యాచ్ గురించి తెలిసినవారు తక్కువ. దూరదర్శన్‌తో బేరం కుదరక క్రికెట్ సంఘం ప్రసార హక్కులను ట్రాన్స్ వరల్డ్ ఇంటర్నేషనల్ అనే విదేశీ సంస్థకు ఇచ్చింది. దేశపు గడ్డ మీద నుంచి మరొకరు సిగ్నల్ పంపడానికి తమ అనుమతి ఉండాలని ప్రభుత్వం పట్టుబట్టింది. ఆ సంస్థ తెచ్చుకున్న పరికరాలను బొంబాయి కస్టమ్స్ అధికారులు ఆపివేశారు. కలకత్తా హైకోర్టులో మొదలైన వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. టోర్నమెంటు ముగిసిపోయాక కూడా న్యాయపరమైన ప్రశ్న మిగిలే ఉంది.

1995 ఫిబ్రవరి 9న జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిల ధర్మాసనం దానికి జవాబిచ్చింది. ప్రసారాలను మోసుకెళ్లే వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. ఈ ఒక్క మాటే తరవాత అందరి నోళ్లలో నానింది కానీ, తీర్పు అక్కడితో ఆగలేదు. ప్రజల ఆస్తి కనుక దాని వినియోగాన్ని ప్రజల ప్రయోజనం కోసం ఒక ప్రజా ప్రాధికార సంస్థ నియంత్రించాలనీ, సమాజంలోని అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం ఉండే స్వతంత్ర, స్వయంప్రతిపత్తి గల అటువంటి సంస్థను నెలకొల్పడానికి కేంద్రం వెంటనే చర్యలు తీసుకోవాలనీ ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో సుదీర్ఘకాలం న్యాయమూర్తిగా ఉండి వెళ్లిన జస్టిస్ జీవన్ రెడ్డి విడిగా రాసిన తీర్పు మరింత ఆసక్తికరమైనది. ప్రైవేటు ప్రసార కేంద్రం పెట్టుకునే హక్కు భావప్రకటన స్వేచ్ఛలో భాగం కాదని ఆయన అన్నారు. నిషేధాన్ని సమర్థించేవారు ఇప్పటికీ ఎత్తిచూపేది ఈ మాటనే. కానీ ప్రసారాలపై గుత్తాధిపత్యం ప్రభుత్వానిదైనా మరొకరిదైనా ఆ స్వేచ్ఛకు విరుద్ధమేననీ, ప్రసార మాధ్యమాలు ప్రజల అదుపులో ఉండాలే తప్ప ప్రభుత్వం అదుపులో కాదనీ, టెలిగ్రాఫ్ చట్టం రేడియో టెలివిజన్ల వంటి మాధ్యమాలకు ఏమాత్రం సరిపోదనీ అదే తీర్పులో ఆయనే రాశారు. పెట్టుబడిదారునీ ప్రభుత్వాన్నీ ఒకే అనుమానంతో చూసిన ఆ తీర్పును ఎవరికి కావలసిన ముక్కను వారు తీసుకుని చదువుకున్నారు.

ప్రభుత్వం తీసుకున్నది ఆస్తి అన్న ముక్కను. ప్రాధికార సంస్థ అన్న ముక్క కాగితాల మీదే ఉండిపోయింది. 1997 మేలో ప్రసార ప్రాధికార సంస్థను ప్రతిపాదిస్తూ పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లు ఆ ఏడాది చివర లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. టెలికాం, ప్రసార రంగాలను ఒకే నియంత్రణ కిందికి తేవాలంటూ 2001లో వచ్చిన కన్వర్జెన్స్ బిల్లుకూ చట్టమయ్యే యోగం పట్టలేదు. 1990లో చట్టమై ఏడేళ్లు మూలన పడి 1997లో అమల్లోకి వచ్చిన ప్రసార భారతే ఆ సంస్థ అని కొందరు వాదిస్తారు కానీ అది నిలిచే వాదన కాదు. ఆకాశవాణినీ దూరదర్శన్‌నూ నడపడం ప్రసార భారతి పని. ఇతరులకు ఫ్రీక్వెన్సీలు ఎవరివ్వాలి, ఏ షరతులతో ఇవ్వాలి అన్నది దాని పరిధిలోనిది కాదు. ఆ అధికారం సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ దగ్గర ఎలా ఉందో అలాగే ఉంది.

ప్రైవేటు ఎఫ్ఎం మొదటి దశలో 40 నగరాలకు 108 చానళ్లను వేలానికి పెట్టినప్పుడు ఆ శాఖ రాసిన షరతుల్లోనే వార్తలు, వర్తమాన వ్యవహారాలు నిషిద్ధమయ్యాయి. గమనించవలసిందేమంటే, ఇది పార్లమెంటు చర్చించి చేసిన చట్టం కాదు. అనుమతి ఒప్పందంలోని ఒక నిబంధన. 2001 జులైలో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రం మొదలైంది. వేలంలో ఎగబడి పాడుకున్నవారిలో చాలామంది ఏటా పెరిగే లైసెన్సు రుసుము భరించలేక వెనకడుగు వేశారు. 2005లో రెండో దశలో రుసుముకు బదులు ఆదాయంలో నాలుగు శాతం వాటా పద్ధతి వచ్చింది. డబ్బు షరతు మారింది, వార్తల షరతు మారలేదు. ఈ రెండు షరతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే మంత్రిత్వ శాఖ దేనిని సవరించదగినదిగా భావించిందో, దేనిని భావించలేదో తేలికగానే అర్థమవుతుంది.

టెలివిజన్‌కు ఈ గతి పట్టకపోవడానికి కారణం విధానం కాదు, భౌగోళికం. 1991 తరవాత ఉపగ్రహ చానళ్లు హాంకాంగ్ వంటి చోట్ల నుంచి సిగ్నల్ పంపుతుంటే వీధివీధినా కేబుల్ వాళ్లు దానిని పట్టి ఇళ్లకు అందించారు. టెలిగ్రాఫ్ చట్టం చేతికి అందనంత ఎత్తున అవి ఉన్నాయి. ప్రభుత్వం మేలుకునేసరికి వార్తా చానళ్లు ఇళ్లలో స్థిరపడిపోయాయి. వాటిని నిషేధించడం కన్నా క్రమబద్ధం చేయడమే మేలనిపించింది. ఎఫ్ఎం టవరు మాత్రం నేల మీద, పోలీసు స్టేషనుకు కూతవేటు దూరంలో ఉంటుంది.

ప్రభుత్వం చేతిలోని ఈ లైసెన్సు అధికారానికి అసలైన మూల్యం చెల్లించింది వాణిజ్య కేంద్రాలు కావు. జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన దళిత మహిళలు యునెస్కో తోడ్పాటుతో 1998 నాటికే స్టూడియో సిద్ధం చేసుకున్నారు. విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి తమ యాసలో తామే మాట్లాడుకుని రికార్డు చేశారు. లైసెన్సు రాలేదు కనుక ఆ క్యాసెట్లను ఊరూరా సంఘం సమావేశాల్లో వేసి వినిపించారు. స్థానిక ప్రజలే నడుపుకునే కమ్యూనిటీ రేడియో కావాలంటూ 2000 జులైలో వచ్చిన ప్రకటనకు అదే ప్రాంతంలోని పస్తాపూర్ పేరు రావడం ఈ నేపథ్యంలోనే. రెండేళ్ల తరవాత ప్రభుత్వం కమ్యూనిటీ రేడియోకు దారి తెరిచింది కానీ అది విద్యాసంస్థలకే పరిమితం. స్వచ్ఛంద సంస్థలకు 2006 నవంబరులో గాని అవకాశం రాలేదు. మాచనూరు మహిళల సంఘం రేడియో గాలిలోకి ఎక్కింది 2008 అక్టోబరు 15న. పదేళ్ల నిరీక్షణ తరవాత దక్కిన ఆ అనుమతిలోనూ వార్తలు చెప్పకూడదన్న షరతు ఉంది. వంద వాట్ల శక్తితో పదీ పన్నెండు కిలోమీటర్లు దాటని కేంద్రానికి, ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు భద్రపరచాలన్న నియమం కూడా ఉన్న కేంద్రానికి, ఈ షరతు అదనం.

2011 జులైలో మూడో దశ విధానం వచ్చినప్పుడు కొంత సడలింపు దొరికింది. ఆకాశవాణి బులెటిన్‌ను ఒక్క అక్షరం మార్చకుండా యథాతథంగా వినిపించుకోవచ్చన్నారు. వాతావరణం, ట్రాఫిక్, పరీక్షా ఫలితాలు, ఉద్యోగావకాశాలు, కరెంటు నీటి సరఫరా ప్రకటనలు, ప్రకృతి వైపరీత్యాలు, ఆరోగ్య హెచ్చరికలు వార్తల కిందికి రావని వివరణ ఇచ్చారు. అంటే రేపు నీళ్లు రావని చెప్పవచ్చు. ఎందుకు రావో కమిషనరును అడిగి ఆ జవాబు వినిపిస్తే మాత్రం అది వర్తమాన వ్యవహారం. ఆకాశవాణితో పాటు టెలివిజన్ చానళ్లు, గుర్తింపు పొందిన వార్తా సంస్థల నుంచి కూడా వార్తలు తీసుకోనివ్వాలని ట్రాయ్ 2008లోనే చెప్పినా, ప్రభుత్వం అందులో ఆకాశవాణి వరకే ఉంచింది.

2013లో ప్రజా ప్రయోజన వ్యాజ్యాలు వేసే కామన్ కాజ్ సంస్థ ఈ నిషేధాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. వాదన సూటిగా ఉంది: పత్రికకూ టెలివిజన్‌కూ వెబ్‌సైటుకూ లేని ఆంక్ష, వీటన్నిటికన్నా చవకగా, చదువు రానివారికీ అందే మాధ్యమానికి ఎందుకు? 2017 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జె.ఎస్. ఖేహర్ ధర్మాసనం ఇదే ప్రశ్న ప్రభుత్వాన్ని అడిగింది. దేశ భద్రతకు ముప్పు రావచ్చనీ, ఇన్ని కేంద్రాల ప్రసారాలను గమనించే యంత్రాంగం లేదనీ ప్రభుత్వం సమాధానమిచ్చింది. ఈ రెండో కారణంలో కొంత వాస్తవం లేకపోలేదు. 113 నగరాల్లో ఉన్న 388 ప్రైవేటు కేంద్రాల సిగ్నల్ ఢిల్లీకి వినిపించదు. ఉపగ్రహ చానళ్లను ఒకే కేంద్రంలో కూర్చుని చూసినట్లు వీటిని వినడం కుదరదు. కాకపోతే, వినడానికి మనుషులు లేరు కాబట్టి మాట్లాడకూడదన్న ఈ తర్కాన్ని వేలాది చిన్న పత్రికలున్న దేశంలో ప్రెస్‌కు ఎవరూ వర్తింపజేయలేదు.

ఇప్పటి వివాదంలో పది నిమిషాలు చాలా, చాలవా అన్న చర్చే ఎక్కువగా వినిపిస్తోంది. ఆ పది నిమిషాలు ఇవ్వవలసింది ఎవరన్న ప్రశ్న వెనక్కి పోయింది. టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్ల చట్టం, ప్రజల తరఫున ప్రసార తరంగాలకు, అంటే స్పెక్ట్రమ్‌కు యజమాని కేంద్ర ప్రభుత్వమేనని స్పష్టంగా రాసుకుంది. 1995 తీర్పులోని ప్రజలు ఆ వాక్యంలో ఉన్నారు, ప్రాధికార సంస్థ మాత్రం లేదు. 2023 నవంబరులోనే విడుదలైన ప్రసార సేవల బిల్లు ముసాయిదాలో ప్రసార సలహా మండలి ఒకటి కనిపిస్తుంది. దాని సభ్యులను నియమించేది కేంద్రమే. అది చేసే సిఫారసుపై తుది నిర్ణయమూ కేంద్రానిదే. ఆ ముసాయిదాపై అభిప్రాయాలు పంపడానికి గడువును 2024 అక్టోబరు 15 వరకు పొడిగించారు.