బ్యాడ్జీ మారిస్తే జాబ్ ఒప్పుకోదు

చిరంజీవులకు ఆశీస్సులు.

‘హెల్మ్‌లో చార్ట్ వెర్షన్ 1.4.0 నుంచి 1.4.1కి మార్చాం, అంతే. ఇమేజ్ అదే, కమాండ్ అదే. అయినా జాబ్ దగ్గర “ఫీల్డ్ ఈజ్ ఇమ్యూటబుల్” అంటూ అప్‌గ్రేడ్ ఆగిపోయింది, ఎందుకు?’ అని అడిగారు. హెల్మ్ అంటే కుబర్నెటీస్‌లోకి అప్లికేషన్లను ఎక్కించే పనిముట్టు, చార్ట్ దానికిచ్చే ఫైళ్ల మూట, జాబ్ అంటే నడిచి ముగిసిపోయే పని. ‘ఇమ్యూటబుల్’ అంటే మార్చకూడనిది.

ప్రోగ్రాములను చాలా కంప్యూటర్ల మీద నడిపించే కుబర్నెటీస్‌ను ఒక బడి అనుకోండి. ఈ బడిలో టీచర్లు పిల్లల మొహాలు చూడరు, బ్యాడ్జీలే చూస్తారు. బ్యాడ్జీలంటే లేబుళ్లు, పిల్లలంటే పాడ్‌లు, అంటే ప్రోగ్రాములు నడిచే చిన్న పెట్టెలు. ‘ఈ బ్యాడ్జీలున్నవాళ్లు నా క్లాసు’ అని టీచరు రాసుకున్న కాగితం సెలెక్టర్. ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన పాడ్‌లను చూసుకునే డిప్లాయ్‌మెంట్ టీచరు ఆ కాగితాన్ని ఒకసారి రాశాక దిద్దకూడదు. దిద్దితే పాత బ్యాడ్జీల పిల్లలు ఎవరి లెక్కలోకీ రాకుండా వరండాలో మిగిలిపోతారు. అయితే పిల్లలకు కొత్త బ్యాడ్జీలు అదనంగా తగిలిస్తే ఆవిడకు అభ్యంతరం లేదు. పాతవాళ్లను పంపేసి కొత్తవాళ్లను పిలుస్తుంది. జాబ్ మాత్రం పరీక్ష పెట్టే మాస్టారు. పేపరిచ్చాక చొక్కా మీద ఒక్క బ్యాడ్జీ కూడా మార్చనివ్వడు. పరీక్ష ముగిసి పిల్లాడు ఇంటికి పోయినా సరే, ఒప్పుకోడు!

అంటే జాబ్‌లోని పాడ్ టెంప్లేట్ (పాడ్ ఎలా ఉండాలో చెప్పే నమూనా) మొత్తానికి తాళం. మీ టెంప్లేట్ లేబుళ్లలో చార్ట్ పేరు, వెర్షన్ కలిపి రాసే లేబుల్ ఉంది కదా, దొంగ అదే. డిప్లాయ్‌మెంట్ ఫైలు చూసి జాబ్ ఫైలు కాపీ కొట్టినప్పుడు ఇది వచ్చి చేరుతుంది.

మందు తేలికే. పాడ్ టెంప్లేట్‌లో నేమ్, ఇన్‌స్టన్స్ అనే రెండు స్థిరమైన లేబుళ్లే ఉంచండి. వెర్షన్, చార్ట్ లేబుళ్లను జాబ్ సొంత మెటాడేటాకు (జాబ్ గురించిన వివరాలకు) ఎక్కించండి. అవి మారినా గొడవ లేదు. ఇప్పటికే ఇరుక్కున్న జాబ్‌ను, పని పూర్తయిందని చూసుకుని, డిలీట్ చేసి అప్‌గ్రేడ్ మళ్లీ నడపండి. ప్రతి అప్‌గ్రేడ్‌కూ నడవాల్సిన జాబ్ అయితే హుక్‌గా (అప్‌గ్రేడ్‌కు ముందో తర్వాతో హెల్మ్ నడిపే పనిగా) పెట్టి, డిలీట్ పాలసీ ‘బిఫోర్-హుక్-క్రియేషన్’ అని రాయండి. పాతదాన్ని హెల్మే తీసేసి కొత్తది పెడుతుంది.

అప్‌గ్రేడ్‌కు ముందే ‘హెల్మ్ టెంప్లేట్’ ఫలితాన్ని ‘కుబ్‌సీటీఎల్ అప్లై’కి సర్వర్ డ్రై-రన్‌తో (ఏదీ నిజంగా మార్చకుండా సర్వర్ చేత సరిచూపిస్తూ) ఇస్తే ఈ ఎర్రర్ అక్కడే బయటపడుతుంది. అసలు రిలీజ్ పేరు (హెల్మ్‌తో ఎక్కించినప్పుడు మీరు పెట్టిన పేరు), నేమ్‌స్పేస్ (అది ఉండే విభాగం) ఇవ్వడం మరవకండి. పేరు ఇవ్వకపోతే ‘రిలీజ్-నేమ్’ అనే ఉత్తుత్తి పేరు పడి, ఇన్‌స్టన్స్ లేబుల్ తప్పుగా వస్తుంది. అప్పుడు మీరు పోల్చేది మీ జాబ్‌ను కాదు.

ఇక ఒక పని చేయండి. ‘కుబ్‌సీటీఎల్ గెట్ పాడ్స్’కు ‘షో-లేబుల్స్’ జోడించి కొట్టండి. జాబ్ తాలూకు పాడ్ మీద మీరు రాయని జాబ్-నేమ్, కంట్రోలర్-యూఐడీ లేబుళ్లు కనిపిస్తాయి. కుబర్నెటీస్ 1.27 నుంచి ఇవే ముందు ‘బ్యాచ్.కుబర్నెటీస్.ఐఓ/’ చేర్చి మరోసారి కూడా ఉంటాయి. ఆ జాబ్‌ను డిలీట్ చేసి, అదే పేరుతో మళ్లీ పెట్టి, ఏది మారిందో ఏది మారలేదో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య